మూడు సెల్లుల లైటు

అప్పనపల్లి, 2022

జూన్ 5, ఆదివారం

అటక మీంచి నాన్న లైటు దించాను. ఎవరెడీ వాళ్ల జీవన్ సాథీ, ఇత్తడిది, మూడు పెద్ద సెల్లులు పడతాయి. వెనక మూత రింగుకి కట్టిన కొబ్బరి తాడు ముక్క ఇంకా అలాగే ఉంది. స్విచ్చి కదల్లేదు. మూత తిప్పితే లోపల స్ప్రింగు చుట్టూ సెల్లు కారిన తెల్లటి పొక్కు, దాని అంచున పచ్చటి చిలుము. చింతపండు పిసికి గుడ్డతో తోమాక గొట్టం లోపలి గోడ మెరిసింది. రిఫ్లెక్టరు మాత్రం అక్కడక్కడ మచ్చలు పడినా పనికొస్తుంది.

బల్బు మెడ మీద సన్నటి అక్షరాలు: 3.8 వోల్టులు, 0.3 ఆంపియర్లు. అంటే వాటు మీద కాస్త. ఇప్పటి తెల్ల ఎల్ఈడీకి సరిగ్గా అదే వాటు ఇస్తే వంద ల్యూమెన్లు సులువుగా దాటుతుంది. ఈ బల్బు ఇచ్చేది పది, మహా అయితే పదిహేను. మిగతాదంతా వేడి.

గొట్టం మార్చక్కర్లేదు. లోపలి బల్బు తీసి ఎల్ఈడీ పెట్టాలి, దానికి తగ్గ డ్రైవర్ పెట్టాలి. ఈ వర్షాకాలం పని ఇదే.

జూన్ 7

హైదరాబాదు నుంచి మేనల్లుడి ఫోను. వాడు ఎలక్ట్రానిక్స్ చదివాడు, చేసేది సాఫ్ట్‌వేరు.

"మావయ్యా, ఆ పాత డబ్బా ఎందుకు? పది వాట్లది చేద్దాం. లిథియం సెల్లు ఒకటి, మాస్ఫెట్ డ్రైవర్ ఒకటి. అవతలి ఒడ్డు కనపడుద్ది."

"అవతలి ఒడ్డున నాకేం పనిరా. చూడాల్సింది మన కాజ్‌వే."

నవ్వాడు. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్తాడట. జాబితా పంపమన్నాడు.

జూన్ 12

జాబితా రాసే ముందు అసలు డ్రైవర్ ఎందుకో మా వీధి కుర్రాడికి చెప్పాల్సి వచ్చింది. వాడు ఎల్ఈడీని నేరుగా సెల్లుకి అతికించి "వెలుగుతోంది కదండీ" అంటాడు. వెలుగుతుంది. అక్కడే చిక్కు.

పాత బల్బులో తీగ ఉంటుంది. వేడెక్కేకొద్దీ దాని నిరోధం పెరిగి కరెంటు దానంతటదే తగ్గుతుంది. ఎల్ఈడీ స్వభావం తిరగేసి ఉంటుంది. 2.9 వోల్టుల దగ్గర 350 మిల్లీఆంపియర్లు తీసుకునేది, వోల్టులో మూడో వంతు పెంచేసరికి వెయ్యి దాటిపోతుంది. వేడెక్కితే ఇంకా తక్కువ వోల్టేజీకే అంత కరెంటూ లాగుతుంది. దాంతో ఇంకా వేడెక్కుతుంది. కొత్త సెల్లు పెట్టిన రోజు మాడిపోతుంది, పాత సెల్లు అయితే మిణుకుమంటుంది.

డ్రైవర్ చేసే పని మన లాకుల దగ్గర లస్కరు చేసే పనే. కాలవలో నీరు ఎంత ఎత్తున ఉన్నా షట్టరు దించీ ఎత్తీ పంట బోదెలోకి ఒకటే లెక్కన వదులుతాడు. సెల్లు కొత్తదైనా పాతదైనా ఎల్ఈడీకి వెళ్లే కరెంటు ఒకటే ఉండాలి.

కుర్రాడికి లస్కరు అంటే తెలుసు. వాళ్ల తాతదే ఆ ఉద్యోగం.

జూన్ 16

ఆర్టీసీ కార్గోలో పార్సెలు వచ్చింది. తీసుకోడానికి రాజోలు వెళ్లాను. మేనల్లుడు నేనడిగినవీ అడగనివీ కలిపి పంపాడు. బల్ల మీద పరిచి చూస్తే డ్రైవర్లలో ఉన్న రకాలన్నీ దాదాపు వచ్చినట్టే.

ఒకటి: మామూలు రెసిస్టరు. డ్రైవర్ అనడానికి వీల్లేదు. పదిపైసల వస్తువు, ఎప్పటికీ చెడదు. కానీ సెల్లు దిగేకొద్దీ వెలుగూ దిగుతుంది.

రెండు: ఏఎంసీ 7135 అనే చిప్పు. చింతగింజలో సగం కూడా ఉండదు. మూడు కాళ్లు, వీపున ఒక రేకు. ఒక్కో చిప్పు 350 మిల్లీఆంపియర్లు వదులుతుంది, అంతకు మించి వదలదు. ఎక్కువ కావాలంటే పక్కపక్కన రెండో మూడో కలుపుకోవాలి. మిగిలిన వోల్టేజీని వేడిగా పారేస్తుంది. ఎల్ఈడీకి కావలసినదాని కన్నా 0.12 వోల్టులు ఎక్కువ ఉంటే చాలు, పని చేస్తుంది. 6 వోల్టులు దాటితే మాత్రం పనికిరాదు. కాయిలు లేదు, కెపాసిటరు ఉంటే మంచిది, లేకపోయినా నడుస్తుంది.

మూడు: బూస్ట్ డ్రైవర్. నల్లటి కాయిలు ఉన్న బిళ్ల. సెల్లుల వోల్టేజీ తక్కువైతే పెంచి ఇస్తుంది. రెండు సెల్లుల లైటుకి ఇదొక్కటే దారి, ఎందుకంటే రెండు కొత్త సెల్లులు కలిసినా 3 వోల్టులే. కాస్త వాడగానే ఎల్ఈడీకి చాలవు.

నాలుగు: బక్ డ్రైవర్. వోల్టేజీ ఎక్కువుంటే తగ్గించి ఇస్తుంది. రెండు లిథియం సెల్లులు వరసగా పెట్టి 8.4 వోల్టులతో నడిపే పెద్ద లైట్లకి. నాకొద్దు.

అయిదు: మేనల్లుడి ముద్దుల మాస్ఫెట్ బోర్డు. ఇది కరెంటుని అదుపు చేయదు. సెల్లునీ ఎల్ఈడీనీ నేరుగా కలిపేసి, ఆపుతూ వదులుతూ ఉంటుంది, అంతే. సెల్లు ఎంత ఇవ్వగలిగితే అంత. వెలుగు భయంకరంగా ఉంటుంది. రెండు నిమిషాల్లో చెయ్యి కాలుతుంది.

వీటిలో ఏది మంచిదని అడిగితే జవాబు లేదు. మన ఊరి కొట్లో ఏ సెల్లు దొరుకుతుందో ముందు చూసుకోవాలి. అప్పుడు అయిదింటిలో మూడు వాటంతటవే పక్కకి పోతాయి.

జూన్ 19

బావ రొయ్యల చెరువు దగ్గర రాత్రి. వనామీ వేసి నెల దాటింది. తొమ్మిదింటి మేత వేశాక చెక్ ట్రేలు ఎత్తి చూస్తాడు. మేత మిగిలిందా, రొయ్య పేగు నిండుగా ఉందా, పెంకు గట్టిగా ఉందా. రెండు చేతులూ పనిలో ఉంటాయి కాబట్టి తలకి కట్టుకునే లైటు.

గట్టు మీంచి నీటి మీద వెలుగు వేస్తే రొయ్యల కళ్లు నిప్పు కణికల్లా ఎర్రగా తేలతాయి. ఎన్ని పైకి వస్తున్నాయో, ఎటు తిరుగుతున్నాయో ఆ కళ్లతోనే అంచనా. ఆక్సిజన్ పడిపోయినా ముందు తెలిసేది అక్కడే.

ఆ తర్వాత లైటు ఆపేశాడు. "నువ్వూ ఆపు" అన్నాడు. కాసేపు కళ్లు చీకటికి అలవాటు పడనిచ్చి, దోసిట్లో నీళ్లు తీసి కుదిపాడు. నీళ్లలో నీలంగా ఏమైనా మెరుస్తుందేమోనని. వెలుతురు ఇచ్చే విబ్రియో బ్యాక్టీరియా చెరువులో ముదిరితే చీకట్లో అలా తెలుస్తుంది. లైటు వేస్తే తెలీదు. ఈ రాత్రి ఏమీ మెరవలేదు.

"మరి నీకు ఎలాంటి లైటు కావాలి బావా?"

"ఆపినప్పుడు ఆగేది, వేసినప్పుడు ఒక్కసారే వెలిగేది. ఇప్పుడున్న దానికి అయిదు నొక్కులు నొక్కాలి. మధ్యలో డిస్కో కూడా వస్తది."

జూన్ 25, శనివారం

గుడికి జనం. తెల్లవారకుండానే వైనతేయ పాయలో స్నానాలు. మెట్ల మీద అందరి చేతుల్లోనూ సెల్‌ఫోను లైట్లే. ఒకావిడ ఫోను జారి మూడో మెట్టు దగ్గర నీళ్లలో పడింది. పడ్డాక కూడా నీళ్లలో కాసేపు వెలిగింది. దాని వెలుగు చూసుకునే తీశారు.

జులై 2

ఆ డిస్కో సంగతి.

బజారులో దొరికే చాలా బోర్డుల్లో 7135 చిప్పులతో పాటు ఏటీటైనీ 13ఏ అనే బుల్లి మైక్రోకంట్రోలరు ఉంటుంది. పెద్ద వెలుగు, మధ్య వెలుగు, చిన్న వెలుగు, తర్వాత టపటపా కొట్టేది, చివర ఎస్ఓఎస్. చిన్న వెలుగంటే కరెంటు తగ్గించడం కాదు, పూర్తి కరెంటునే సెకనుకి కొన్ని వందల సార్లు ఆపి వేస్తుంది. కంటికి తక్కువగా కనపడుతుంది. నాసి బోర్డుల్లో ఆ ఆపడం మరీ నెమ్మదిగా ఉంటుంది. చెయ్యి గబగబా ఊపితే వెలుగు గీతలా కాకుండా చుక్కలు చుక్కలుగా పడుతుంది. సెల్‌ఫోను కెమెరాలో నల్లటి పట్టీలు కదులుతాయి. తిరిగే ఫ్యాను మీద వేస్తే రెక్కలు ఆగిపోయినట్టుంటాయి. ఫ్యానైతే పరవాలేదు. మోటారు బెల్టు దగ్గర, ఏరియేటరు చక్రం దగ్గర అలా ఆగినట్టు కనపడటం ప్రమాదం.

టపటపా కొట్టేది ఎవరికి కావాలో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. అమ్మేవాడికి కావాలేమో. డబ్బా మీద "5 మోడ్లు" అని వేసుకోవచ్చు.

నా లైటుకి మైక్రోకంట్రోలరు వద్దని ఇవాళ రాసి పెట్టుకున్నాను. స్విచ్చి ముందుకి జరిపితే వెలగాలి, వెనక్కి జరిపితే ఆరాలి. నాన్న స్విచ్చి ఆ పనికే పుట్టింది.

జులై 8

కొబ్బరి దింపు అయ్యాక తోటలో డొక్క రాశి పోశాం. దాని పక్కనే ఎండు మట్టలు. రాత్రి అటు వెళ్లాలంటే లైటు లేకుండా అడుగు వెయ్యను. రక్తపింజరి ఒంటి మీది మచ్చలకీ, ఎండు ఆకుల రంగుకీ తేడా పట్టుకోవాలి. అది పక్కకి తప్పుకునే రకం కాదు, చుట్ట చుట్టుకుని అక్కడే ఉంటుంది.

రెండు ఎల్ఈడీలు పక్కపక్కన వేసి చూశాను. ఒకటి నీలం కలిసిన తెల్లటిది, 6500 కెల్విన్. ఇంకోటి 4000, రంగులు బాగా చూపించే రకం, సీఆర్ఐ 90. మొదటిది ఎక్కువ వెలుగనిపిస్తుంది. కానీ డొక్కా మట్టా మట్టీ అన్నీ ఒకే బూడిద రంగులోకి పోతాయి. రెండోదానిలో డొక్క పీచు ఎర్రదనం విడిగా, తడి మట్టి నలుపు విడిగా, రాలిన ఆకు పసుపు విడిగా తెలుస్తున్నాయి. వాన పడుతుంటే తెల్లటిది ఎదురు కళ్లలోకి కొడుతుంది కూడా.

వెలుగు పాతిక శాతం తగ్గినా రెండోదే. ఈ విషయంలో మేనల్లుడితో బేరం లేదు.

జులై 12

గోదావరి పెరుగుతోంది. ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక దాటింది, అంటే 13.75 అడుగుల పైన. జులైలోనే ఇంత రావడం ఇక్కడెవరికీ నచ్చడం లేదు. వరదలు మామూలుగా ఆగస్టువి.

జులై 14

కాజ్‌వే మునిగింది. పడవ దిగింది.

కిరాణా కొట్లో పెద్ద సెల్లులు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు మధ్యాహ్నానికి సగం అయిపోయాయి. రెండు డజన్ల సెల్లులు నేనూ తెచ్చాను. కొట్టు ఆవిడ "మీరు మరమ్మతు చేసే మనిషి, మీకెందుకండీ ఇన్ని?" అంది. చుట్టుపక్కల వాళ్లకని చెప్పాను. పాత బల్బే మళ్లీ బిగించి గుమ్మం పక్కన పెట్టాను. కొత్త పని వరద తగ్గాకే.

జులై 16, శనివారం

భద్రాచలం దగ్గర 71.3 అడుగులు. 1986లో 75.6. ధవళేశ్వరం దగ్గర పాతిక లక్షల క్యూసెక్కులు దాటి సముద్రంలోకి పోతోంది.

లంకల్లో కరెంటు తీసేశారు. తియ్యకపోతే ప్రమాదం.

పక్కింటి అబ్బాయి దగ్గర చార్జింగు లైటు ఉంది. మొదటి రాత్రి వీధంతా వెలిగించాడు. రెండో రాత్రి ఎనిమిదింటికి ఒక్కసారిగా ఆరిపోయింది. మిణుకుమనలేదు, తగ్గలేదు, ఆరిపోయింది. చేతిలో పెరుగు గిన్నెతో మెట్లు దిగుతున్న వాళ్లమ్మ అక్కడే ఆగిపోయింది. లిథియం సెల్లు పాడవకుండా లోపలి బోర్డు ఆపేసింది. బోర్డు తన పని సరిగ్గానే చేసింది.

నాన్న లైటు ఎర్రగా, కొరివిలా వెలుగుతోంది. అడుగు దూరం తప్ప కనపడటం లేదు. కానీ వెలుగుతోంది.

జులై 17

పడవలో పాల క్యాన్లు, మందులు, ఇద్దరు బాలింతలు. పడవ మీద లైటు నేను పట్టుకున్నాను. మునిగిన కొబ్బరి తోటలో దారి మొదళ్లని బట్టే తెలుస్తుంది. దూరం వెలిగే లైటు ఇక్కడ పనికిరాదు. బురద నీటి మీద పడి కళ్లలోకి తిరిగొస్తుంది. దగ్గర, వెడల్పుగా, చాలాసేపు. ఈ మూడూ రాసుకున్నాను.

జులై 24

నీళ్లు తీశాయి. గోడ మీద గీత మిగిలింది.

అరుగు మీద పెద్దవాళ్ల కబుర్లు ఎక్కడ మొదలైనా 1986 ఆగస్టు 16కి వెళ్తాయి. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు. అక్కడి నుంచి 1996 నవంబరు 6 తుపానుకి. ఆ రాత్రి కోనసీమలో నిలబడ్డ కొబ్బరి చెట్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చంటారు. స్తంభాలన్నీ పడిపోయి, కరెంటు మాట మర్చిపోయి, పెట్రోమాక్సులు, హరికేన్ లాంతర్లు, సెల్లు లైట్లు. ఆ ఏడాదే జపానులో నిచియా కంపెనీ మొదటిసారి తెల్ల ఎల్ఈడీని అమ్మకానికి పెట్టింది. దానికి దారి వేసిన నీలం ఎల్ఈడీకి అకసాకి, అమానో, నకమురాలకి 2014లో నోబెల్ వచ్చింది. ఆ తుపాను రాత్రి ఇక్కడెవరికీ ఆ సంగతి తెలిసే అవకాశం లేదు.

ఒకాయన మాత్రం, "లైటే అక్కర్లేని రోజులు కూడా చూశామండి, ఆయ్" అన్నాడు. 1995 జనవరి 8న పాశర్లపూడి 19వ నంబరు బావి అంటుకుంది. ఓఎన్జీసీ బావి. అమెరికా నుంచి నీల్ ఆడమ్స్ కంపెనీ మనుషులు వచ్చి మార్చి 15న ఆర్పేదాకా, 65 రోజులు మండింది. రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేదట. ఆ వెలుగులో ఎవరికీ నిద్ర పట్టేది కాదని కూడా ఆయనే చెప్పాడు.

జులై 31

బావ చెరువు గట్టు రెండు చోట్ల తెగింది. లైటు గురించి అడగలేదు, నేనూ ఎత్తలేదు.

ఆగస్టు 3

ఇక తేల్చాలి.

బూస్ట్ డ్రైవర్ పెట్టి రెండు సెల్లులతో నడపొచ్చు, మూడో సెల్లు జాగాలో చెక్క ముక్క పెట్టి. సెల్లు ఖర్చు తగ్గుతుందని మేనల్లుడి వాదన. కాగితం మీద లెక్క వేశాను. ఎల్ఈడీకి ఇవ్వాల్సింది వాటు మీద కాస్త, డ్రైవర్ సామర్థ్యం ఎనభై శాతం అనుకుందాం. కొత్త సెల్లులు రెండు కలిసి 3 వోల్టులు ఉన్నప్పుడు వాటి నుంచి 0.44 ఆంపియర్లు లాగుతుంది. అవి నీరసించి ఒక్కోటీ ఒక వోల్టుకి దిగినప్పుడు తగ్గించి లాగాలి కదా? లాగదు. వెలుగు తగ్గనివ్వకూడదు కాబట్టి 0.66 లాగుతుంది. సెల్లుకి ఓపిక తగ్గేకొద్దీ భారం పెరుగుతుంది. మామూలు జింకు కార్బను సెల్లు దాన్ని తట్టుకోలేదు. చివరి నిమిషం దాకా నిండుగా వెలిగి, ఒక్కసారిగా కుప్పకూలుతుంది. పెరుగు గిన్నెతో మెట్ల మీద నిలబడిపోయిన ఆవిడే గుర్తొచ్చింది.

అదే మూడు సెల్లులకి ఒక్క 7135 చిప్పు పెడితే? కొత్తవి 4.5 వోల్టులు. ఎల్ఈడీకి దగ్గర దగ్గర 3, చిప్పుకి 0.12. అంటే ఒక్కో సెల్లు 1.04 వోల్టులకి దిగేదాకా వెలుగు ఒకటే తీరున ఉంటుంది. అప్పటికి సెల్లులో సారం చాలావరకు వాడేసినట్టే. ఎప్పుడూ 0.35 ఆంపియర్లే లాగుతుంది, దాదాపు పాత బల్బు లాగినంతే. కొత్త సెల్లులప్పుడు చిప్పు పారేసే వేడి అర వాటు, ఆ ఇత్తడికి లెక్కలోది కాదు. సగటున వంద పాళ్లలో ఎనభై ఎల్ఈడీకే చేరుతుంది. కాయిలు పెట్టిన బూస్ట్ డ్రైవర్ చేసేదీ అంతే.

అన్నిటి కన్నా నాకు కావలసింది దాని తర్వాత జరిగేది. 1.04కి దిగాక చిప్పు చేతులెత్తేస్తుంది గానీ దారి మూసెయ్యదు. వెలుగు మెల్లగా తగ్గుతూ పోతుంది. అరగంటలో సగం, ఇంకో గంటకి దానిలో సగం. ఇంటికి చేరడానికీ, ఇంకో మూడు సెల్లులు వెతుక్కోవడానికీ టైము ఇస్తుంది.

మూడు సెల్లుల గొట్టానికీ ఈ చిప్పుకీ ఇంత బాగా కుదరడం ఎవరూ అనుకుని చేసింది కాదు. రెండు సెల్లుల లైటు అయితే కుదరదు. నాలుగు సెల్లులది అయితే కొత్తప్పుడు 6 వోల్టులు, చిప్పు హద్దు మీదికి వచ్చేస్తుంది, ఒక వాటు వేడి దాని నెత్తిన పడుతుంది.

మేనల్లుడికి లెక్క ఫొటో తీసి పంపాను. "సరే మావయ్యా. కానీ బోరు" అని జవాబు.

ఆగస్టు 9

అమలాపురంలో లేతు పని చేసే మేస్త్రి దగ్గరికి వెళ్లాను. పాత బల్బు హోల్డరు తీసేసి, ఆ జాగాలో కూర్చునేలా ఇత్తడి ముక్క తిప్పించాలి. దాని నెత్తి మీద ఎల్ఈడీ పలక కూర్చుంటుంది. ఎత్తు ముఖ్యం. పాత తీగ ఎక్కడ వెలిగేదో, రిఫ్లెక్టరు కేంద్రం అక్కడే. తీగ అన్ని వైపులా వెలిగేది. ఎల్ఈడీ ముందుకే వెలుగుతుంది, కాబట్టి రిఫ్లెక్టరు అడుగు భాగం ఊరికే ఉంటుంది. ముక్కని అరమిల్లీ అరమిల్లీ తగ్గిస్తూ గోడ మీద వెలుగు చూసుకున్నాం. మధ్యలో నల్ల మచ్చ పోయి, వెలుగు నిండుగా పడేచోట ఆపాం.

"బంగారం పని లాగుందేంటండీ" అన్నాడు మేస్త్రి. డబ్బులు మాత్రం ఇనప పనికే తీసుకున్నాడు.

ఆగస్టు 10

చీకట్లో సెల్లులు తిరగేసి పెట్టేవాళ్లుంటారు. మా ఇంట్లోనే ఉన్నారు. పాత బల్బుకి ఎటు పెట్టినా ఒకటే. 7135కి తిరగేస్తే అదే ఆఖరు. డయోడు పెడితే కనీసం 0.3 వోల్టులు అదే మింగేస్తుంది, మనకి దొరికిన లాభం అక్కడే పోతుంది. అందుకే ప్లాస్టిక్కు వాషరు. సెల్లు బొడిపె దూరేంత బెజ్జం ఉన్న వాషరుని డ్రైవర్ ముందు అతికించాను. బొడిపె వైపు పెడితే లోపలి రేకుకి తగులుతుంది. బల్లపరుపు వైపు పెడితే వాషరు అడ్డు, తగలదు, వెలగదు, ఏమీ కాలదు.

ఆగస్టు 14

టంకం పని. చిప్పు వీపు రేకుని రాగి బిళ్లకి అతికించాలి, అది నేలకి, అంటే గొట్టానికి. ఒక కాలు సెల్లుల ప్లస్సుకి, మధ్యది నేలకి, మూడోది ఎల్ఈడీ మైనస్సుకి. ఎల్ఈడీ ప్లస్సు నేరుగా సెల్లులకి. ఎల్ఈడీ పలక కింద థర్మల్ పేస్టు సన్నగా, గోటితో గీసినంత. దట్టంగా రాస్తే వేడి దిగదు. ఎక్కువ రాస్తే మంచిదనుకునే అలవాటు మా వాళ్లకి నూనె దగ్గర మొదలైంది.

సాయంత్రం ఏడింటికి కొత్త సెల్లులు వేసి, కరెంటు కొలిచాను: 0.35. లైటుని బల్ల మీద పెట్టి, ఎదురు గోడ మీద పంచాంగం మేకుకి తగిలించి వదిలేశాను. రాత్రి లేచినప్పుడల్లా చూశాను. అర్ధరాత్రి దాటాక కూడా పంచాంగంలో సన్నక్షరాలు ఏడింటికి చదివినట్టే చదవగలిగాను. తెల్లవారుజామున తగ్గడం మొదలైంది. గుడి మైకు మోగేసరికి తిథి కనపడుతోంది, నక్షత్రం కనపడటం లేదు.

ఆగస్టు 21

బావకి వేరేది చేశాను. చెరువు దగ్గర షెడ్డులో జనరేటరు ఉంది, ఏరియేటర్ల కోసం ఎలాగూ ఆపరు. అక్కడ చార్జింగుకి లోటు లేదు. కాబట్టి అతనికి ఒక 18650 లిథియం సెల్లు, బోర్డు మీద మూడు 7135 చిప్పులు, ఒక ఆంపియరు మీద కాస్త. ఒకటే వెలుగు. తలకి పట్టీ. సెల్లు మాత్రం పేరున్న కంపెనీది, రక్షణ బోర్డు ఉన్నది. 9800 ఎంఏహెచ్ అని రాసి అమ్మేవాటిని దగ్గరికి రానివ్వకూడదు. ఆ సైజు సెల్లులో 3500 దాటితేనే గొప్ప.

"డిస్కో లేదేంటి?" అన్నాడు.

"తీసేశాను బావా."

"ఇప్పుడు గట్టు మీద ఆడటానికి ఏముంది నాకు" అని, చెరువులోకి వేసి చూశాడు. కొత్త సీడు ఇంకా కళ్లు మెరిసేంత ఎదగలేదు.

సెప్టెంబరు 4

ఈ నెలలో ముగ్గురు పాత లైట్లు తెచ్చారు. రెండు సెల్లుల వాటికి బూస్ట్ డ్రైవర్ పెట్టి ఇస్తున్నాను, చెప్పి మరీ: ఇది ఆరేటప్పుడు చెప్పకుండా ఆరుతుంది, జేబులో రెండు సెల్లులు వేసుకు తిరగండి అని. మూడు సెల్లులవాళ్లకి ఆ మాట చెప్పక్కర్లేదు.

ఇళ్లలో అటకల మీద మూడు సెల్లుల ఇత్తడి లైట్లు ఇంకా ఉన్నాయి. తూకానికి వేసెయ్యకండి. ఒక చిప్పు, ఒక ఎల్ఈడీ, ఒక ఇత్తడి ముక్క చాలు. వచ్చే ఏడు జూన్ లోపు చేయించుకోండి, వరద వచ్చాక ఎవరి దగ్గరా టంకం వేడెక్కదు. సెల్లులు మాత్రం గొట్టంలో వదలకండి, బయట కాగితంలో చుట్టి పక్కనే పెట్టుకోండి.